అన్నం మానే ముందు: శ్రీకాకుళం వంటింట్లో కీటో ఆహారాన్ని ఎలా పాటించాలి

అన్నం వంటి పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే కీటో ఆహారం మొదలుపెట్టాలనుకునే వారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న "ఏమేమి తినవచ్చు?" అన్నది. శ్రీకాకుళం జిల్లాలో, అందునా ఉద్దానం పల్లెల్లో పుట్టి పెరిగిన వారికి అది మూడో ప్రశ్న కావాలని నా అభిప్రాయం. "నా క్రియాటినిన్ ఎంత ఉంది?" అన్నది మొదటిది; క్రియాటినిన్ అంటే మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె. "నేను రోజూ వేసుకునే మాత్రల్లో ఏ మందు ఉంది?" అన్నది రెండోది. ఈ రెంటికీ జవాబు చేతిలో ఉన్నాకే అన్నం గిన్నె పక్కన పెట్టాలి. ఈ వ్యాసం ఆ వరుసలోనే సాగుతుంది కాబట్టి వంటల కోసం చదువుతున్న వారు కొంచెం ఓపిక పట్టాలి.

శరీరంలో ఏం జరుగుతుంది

మనం తినే అన్నం, ఇడ్లీ, అంబలి అన్నీ చివరికి గ్లూకోజుగా మారతాయి. అప్పటికి అవసరం లేని గ్లూకోజును శరీరం గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాముల మేరకు దాచుకుంటుంది. దాచిన ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు 3 గ్రాముల నీరు కూడా నిలిచి ఉంటుంది. రోజుకు పిండిపదార్థాలను 20 నుంచి 50 గ్రాముల లోపుకు తగ్గిస్తే రెండు మూడు రోజుల్లో ఈ నిల్వ చాలావరకు ఖర్చయి, కాలేయం కొవ్వును విరగ్గొట్టి కీటోన్లు అనే పదార్థాలను తయారు చేయడం మొదలుపెడుతుంది. గ్లూకోజు తగినంత అందనప్పుడు మెదడుకు, గుండెకు, కండరాలకు ఇవే ఇంధనం. ఈ స్థితిని కీటోసిస్ అంటారు. కీటో అన్న పేరు దాన్నుంచి వచ్చినదే. ఆ 50 గ్రాములు ఎంత తక్కువో తెలియాలంటే ఒక్క లెక్క చాలు: ఉడికిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మన ఇళ్లలో మధ్యాహ్నం ఒక పూట పెట్టుకునే అన్నంతోనే రోజు మొత్తం కోటా దాటిపోతుంది.

మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గామని సంబరపడే వారు పైన చెప్పిన నీటి లెక్కను గుర్తుంచుకోవాలి. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం గ్లైకోజెన్‌తో పాటు బయటికి పోయిన నీరే. నిజంగా కొవ్వు కరగడం ఆ తరువాత, చాలా నెమ్మదిగా సాగే పని.

ఈ ఆహారం బరువు తగ్గడానికి పుట్టింది కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ దీన్ని మూర్ఛ వ్యాధికి చికిత్సగా ప్రతిపాదించారు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు నేటికీ వైద్యుల, పోషకాహార నిపుణుల పర్యవేక్షణలో దీన్ని ఇస్తున్నారు. సంప్రదాయ పద్ధతిలో ప్రతి నాలుగు గ్రాముల కొవ్వుకు మాంసకృత్తులు, పిండిపదార్థాలు రెండూ కలిపి ఒక్క గ్రాము మాత్రమే ఉండాలి. ఆ పిల్లల తల్లులు ప్రతి ముద్దనూ తూచి పెడతారు. మనం బరువు కోసం చేసేది దానికన్నా సడలించిన రూపం.

బరువు విషయంలో మొదటి ఆరు నెలల్లో దీని ఫలితం బాగానే కనిపిస్తుంది. ఏడాది గడిచేసరికి ఇతర పద్ధతులకూ దీనికీ తేడా తగ్గిపోతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 609 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు కొవ్వు తక్కువ ఆహారం, మరో జట్టుకు పిండిపదార్థాలు తక్కువ ఆహారం ఏడాదిపాటు ఇచ్చి 2018లో ఫలితాలు ప్రచురించారు. మొదటి జట్టు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా లేదు. అది అచ్చమైన కీటో కాకపోయినా, నిలబడి పాటించగలిగే పద్ధతిని ఎంచుకోవడమే ముఖ్యమని దాని నుంచి నేను గ్రహించాను. మధుమేహం ఉన్న వారిలో రక్తంలో చక్కెర త్వరగా దిగివస్తుంది, రక్తంలోని ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు తగ్గుతుంది. అదే సమయంలో కొందరిలో చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. ఎవరిలో పెరుగుతుందో రక్తపరీక్ష చేయించకుండా చెప్పలేము.

మొదటి మెట్టు: పరీక్షలు

ఉద్దానంలోని ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల వ్యాధి ఎంతగా పాతుకుపోయిందో ఇక్కడి వారికి చెప్పనక్కరలేదు. మధుమేహం, రక్తపోటు లేని వారికి, వయసులో ఉన్న కూలీలకు కూడా ఆ వ్యాధి వస్తోంది. కారణం ఇదమిత్థమని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయంటే ఇక్కడి అవసరం ఎంతటిదో ఊహించవచ్చు. ఆ వ్యాధికి మొదటి దశల్లో లక్షణాలే ఉండవు. మూత్రపిండాల పని దాదాపు సగం దెబ్బతినేదాకా క్రియాటినిన్ అంకె మామూలుగానే కనిపించవచ్చు. అందుచేత ఆ ఒక్క అంకె చూసి ఊరుకోకుండా, మూత్రపిండాలు రక్తాన్ని ఎంత వేగంగా వడపోస్తున్నాయో వయసును లెక్కలోకి తీసుకుని చెప్పే ఈజీఎఫ్ఆర్ విలువను రిపోర్టులో రాయమని అడగండి. మూత్రంలో అల్బుమిన్ అనే మాంసకృత్తు పోతోందో లేదో కూడా చూపించుకోండి. ఈజీఎఫ్ఆర్ మూడు నెలలకు పైగా 60 కన్నా తక్కువ ఉంటే దాన్ని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధిగా లెక్కిస్తారు. అటువంటి వారు కీటో జోలికి పోవద్దు. మాంసకృత్తులు పెరగడం, నీరు తగ్గడం, రక్తంలో ఆమ్లం పెరగడం ఈ మూడూ దెబ్బతిన్న మూత్రపిండానికి భారమే.

వీటితో పాటు మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ పరీక్షలు, కాలేయ పరీక్షలు, యూరిక్ ఆసిడ్, సోడియం, పొటాషియం చేయించుకోవాలి. ఖర్చు కొంత అవుతుంది. కానీ నెలకు సరిపడా నెయ్యి, పనీరు, చేపలు కొనబోయే వారు ఈ ఖర్చు దగ్గర వెనకాడటం సబబు కాదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్ 1 మధుమేహం ఉన్న వారు, క్లోమానికి ఎప్పుడైనా వాపు వచ్చిన వారు, కాలేయ వ్యాధి ఉన్న వారు, పిత్తాశయంలో రాళ్లు ఉన్న వారు, తిండి విషయంలో మానసిక ఇబ్బంది పడిన వారు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు. పాలిచ్చే తల్లుల మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. ప్రసవం తరువాత పెరిగిన బరువు తగ్గించుకోవాలని కొత్త తల్లులు అన్నం మానేసినప్పుడు రక్తం ప్రమాదకరంగా ఆమ్లమయమై ఆసుపత్రి పాలైన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

రెండో మెట్టు: మాత్రల అట్ట వెనక చదవడం

ఇది నేను నేర్చుకున్న తీరు చెప్పక తప్పదు. టెక్కలి దగ్గర ఉండే మా బావగారికి పదేళ్లుగా షుగరు. ఎవరో చెప్పగా విని, వైద్యుణ్ని అడగకుండానే అన్నం, ఇడ్లీ, అంబలి ఒక్కసారిగా మానేశారు. మాత్రలు మాత్రం క్రమం తప్పకుండా వేసుకున్నారు. నాలుగో రోజు పొద్దున్న పెరట్లో కొబ్బరి మట్టలు సర్దుతూ ఉన్నట్టుండి గట్టు మీద కూలబడ్డారు. చొక్కా వీపంతా చెమటతో తడిసి అతుక్కుపోయింది, చేతులు వణుకుతున్నాయి, అక్క పిలుస్తుంటే తడబడుతూ సంబంధం లేని జవాబు చెబుతున్నారు. ఇంట్లో ఉన్న యంత్రంతో వేలికొన గుచ్చి చూస్తే 52 వచ్చింది. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూస్తే 80 దాటింది. తరువాత ఆయన మాత్రల అట్ట తిప్పి చదివితే, పైన పెద్ద అక్షరాల్లో ఏదో కంపెనీ పేరు, వెనక సన్నటి అక్షరాల్లో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ అని రెండు మందుల పేర్లు ఉన్నాయి. పదేళ్లుగా ఆ అట్టను చేత్తో పట్టుకున్నారు గాని వెనక్కి తిప్పి చూడలేదు.

మీరు ఆ పని ఈ రోజే చేయండి. అట్ట వెనక గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అని ఉన్నా, మీరు ఇన్సులిన్ తీసుకుంటున్నా, తిండిలో పిండిపదార్థం ఉన్నా లేకపోయినా ఆ మందు చక్కెరను దించుతూనే ఉంటుంది. అన్నం తగ్గించే రోజు నుంచే మోతాదు కూడా తగ్గాలి. ఎంత తగ్గాలన్నది మీ వైద్యులే చెప్పాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే చక్కెర ఇలా పడిపోయే అవకాశం తక్కువ.

అంతకన్నా జాగ్రత్త పడవలసిన మందులు మరొక రకం ఉన్నాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ అని, పేరు చివర "గ్లిఫ్లోజిన్" ఉండే మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. వీటితో కీటో కలిస్తే రక్తంలో చక్కెర పెద్దగా పెరగకుండానే కీటోన్లు విపరీతంగా పేరుకుని రక్తం ఆమ్లమయం కావచ్చు. ఈ మందుల వల్ల కలిగే ఆ ప్రమాదం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే హెచ్చరించింది. యంత్రంలో 180 చూపిస్తున్నది కదా అని ఇంట్లో వారు ధైర్యంగా ఉంటారు. లోపల మనిషి మునిగిపోతూ ఉంటాడు. ఈ మాత్ర వేసుకునే వారు కీటో చేయవద్దు. చేసి తీరాలనుకుంటే వైద్యుడు మందు మార్చిన తరువాతే.

రక్తపోటు మాత్రల సంగతి కూడా అదే. మొదటి వారాల్లో ఒంట్లోంచి ఉప్పు, నీరు ఎక్కువగా పోతాయి కాబట్టి పాత మోతాదుతో రక్తపోటు మరీ పడిపోయి, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. నీరు పోవడానికి వేసుకునే మాత్ర కూడా ఉంటే ఈ అవకాశం మరింత ఎక్కువ.

మూడో మెట్టు: వంటింట్లో తక్కెడ

గ్రాములు తూచే చిన్న త్రాసు ఒకటి కొనండి. కంటి అంచనా మనల్ని ఎంత మోసం చేస్తుందో అది పెట్టుకున్న మొదటి వారంలోనే తెలుస్తుంది.

మన జిల్లాలో కీటో చేసేవారు తప్పటడుగు వేసే మొదటి చోటు జీడిపప్పు. గింజలన్నీ కొవ్వే కదా అని పలాస జీడిపప్పు డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంటారు. జీడిపప్పు 100 గ్రాముల్లో 30 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అందులో లెక్కలోంచి తీసేయదగ్గ అరగని పీచు మూడు గ్రాములే. అంటే మాటల మధ్య 50 గ్రాములు నమిలితే 13 గ్రాములకు పైగా లోపలికి పోయినట్టు. రోజుకు 25 గ్రాములే తినాలనుకునే వారికి అందులో సగం అక్కడే అయిపోయింది. అదే ఉద్దానంలో పక్క తోటలోనే కాసే పచ్చికొబ్బరి 50 గ్రాములు తింటే పీచు తీసేయగా మూడు గ్రాములే లెక్కకు వస్తాయి, కొవ్వు పదహారు గ్రాములకు పైగా అందుతుంది. వేరుశనగ గుళ్లు 50 గ్రాములకు నాలుగు గ్రాములు. ఒకే ఇసుక నేలలో పెరిగిన జీడి, కొబ్బరి ఈ లెక్క దగ్గరకు వచ్చేసరికి ఎంత దూరమో చూడండి.

రెండో పొరపాటు చోడి అంబలి. చోళ్లు మధుమేహానికి మంచివన్న మాట విని, కీటోకూ పనికొస్తాయనుకుంటారు. చోడిపిండిలో కాల్షియం, పీచు బియ్యం కన్నా ఎక్కువన్నది నిజమే. కాని 100 గ్రాముల చోడిపిండిలో సుమారు 70 గ్రాములు పిండిపదార్థమే. ముప్పై గ్రాముల పిండితో కాచిన ఒక్క గ్లాసు అంబలిలో ఇరవై గ్రాములు ఉంటుంది. గంటెలు, జొన్నలు, కొర్రలు అన్నీ అంతే. కందిపప్పు కూడా లెక్కలోకి వస్తుంది, ఒక కప్పు పప్పుకు పదిహేను గ్రాముల పైమాటే. ఇక టీ సంగతి: వంద మిల్లీలీటర్ల పాలు, రెండు చెంచాల పంచదారతో కప్పుకు పదిహేను గ్రాములు, రోజుకు మూడు కప్పులు తాగే వారు అన్నం ముట్టకపోయినా కీటోసిస్‌లోకి వెళ్లరు.

కూరల్లో నేల పైన కాసేవి చాలావరకు పనికొస్తాయి, నేల లోపల ఊరేవి పనికిరావు. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, దొండకాయ, వంకాయ, బెండకాయ, కాకరకాయ, ములక్కాడ, క్యాబేజీ, గోంగూర, తోటకూర, బచ్చలి నిశ్చింతగా వండుకోవచ్చు. కంద, చేమ, చిలగడదుంప, బంగాళాదుంప, కర్రపెండలం పక్కన పెట్టాలి. అరటిపండు ఒక్కటే ఇరవై అయిదు గ్రాములు దాటుతుంది. చింతపండు పులుసులో కూడా పిండిపదార్థం ఉంటుందని చాలామందికి తోచదు. చేపల పులుసులో చింతపండు తగ్గించి, మామిడికాయ ముక్కలు కొన్ని వేసుకుంటే రుచీ తగ్గదు, లెక్కా తప్పదు.

మాంసకృత్తులకు మన తీరం కొదవ చేయలేదు. కళింగపట్నం, భావనపాడు రేవుల నుంచి వచ్చే కవ్వలు, కానాగంతలు, నెత్తళ్లు చవకగా దొరికే కొవ్వు చేపలు. వాటిలోని కొవ్వు గుండెకు మేలు చేసే రకం. వంజరం కొనలేకపోయామని బాధపడనక్కరలేదు. వంద గ్రాముల చేపలో ఇరవై గ్రాముల దాకా, ఒక గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మూత్రపిండాలు బాగున్న పెద్దవారికి ఒంటి బరువు కిలోకు రోజుకు ఒక గ్రాము, మరికాస్త ఎక్కువ అయినా సరిపోతుంది. అరవై కిలోల మనిషికి అరవై, డెబ్బై గ్రాములన్నమాట. కీటో పేరుతో మూడు పూటలా కోడి కూర దండిగా తినడం కీటో కాదు.

కొవ్వు ఏది తినాలన్న దగ్గర నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. తెలుగునాట కొన్నేళ్ల క్రితం కొబ్బరినూనెను గ్లాసుల్లో పోసుకుని తాగడం ఊరూరా పాకింది. కొబ్బరినూనె, నెయ్యి, వెన్న చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే సంతృప్త కొవ్వులు. కొవ్వు ఎక్కువ తినాలి అన్నంత మాత్రాన అది తాగాలన్న అర్థం రాదు. గానుగ నువ్వుల నూనె, వేరుశనగ నూనె, చేపలు, గింజల నుంచి ఎక్కువ భాగం రానిచ్చి, నెయ్యి రోజుకు రెండు మూడు చెంచాలతో ఆపితే మూడు నెలల తరువాత రక్తపరీక్ష రిపోర్టు చూసి గుండె బాదుకోవలసిన పని ఉండదు. మీ ఒంట్లో కరగవలసిన కొవ్వు ఉన్నప్పుడు పైనుంచి అంత పోయవలసిన అవసరమూ లేదు.

ఒక రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున్న ఉల్లిపాయ కొంచెం వేసిన మూడు గుడ్ల అట్టు, 40 గ్రాముల కొబ్బరితో పచ్చడి. మధ్యాహ్నం 150 గ్రాముల కానాగంతల వేపుడు, ఒక పెద్ద గిన్నెడు ఆనపకాయ కూర, చిన్న కప్పు పెరుగు. సాయంత్రం 30 గ్రాముల వేపిన వేరుశనగ గుళ్లు. రాత్రి నువ్వులపొడి చల్లిన తోటకూర వేపుడు, 60 గ్రాముల పనీరు. తూచి కూడితే పిండిపదార్థాలు 25 గ్రాముల దగ్గర, మాంసకృత్తులు 70, 75 గ్రాముల దగ్గర తేలతాయి. చేప, గుడ్డు తినని వారికి ఈ లెక్క కుదర్చడం చాలా కష్టం. పప్పు తీసేశాక మన శాకాహారంలో మాంసకృత్తులకు మిగిలేది పనీరు, పెరుగు, సోయా, గింజలు మాత్రమే. అందుకే శాకాహారులకు నేను చివర్లో చెప్పే సగం దారినే సూచిస్తాను.

నాలుగో మెట్టు: మొదటి పది రోజులు

ముందు కాలం చూసుకోండి. మార్చి నుంచి జూన్ దాకా మొదలుపెట్టకండి. గ్లైకోజెన్‌తో పాటు నీరు పోయే ఆ రోజుల్లోనే జీడితోటలోనో కొబ్బరితోటలోనో ఎండలో చెమటోడ్చితే ఒంట్లో నీరు రెండు వైపుల నుంచి పోతుంది, ఆ దెబ్బ నేరుగా మూత్రపిండాల మీద పడుతుంది. ఎండలో కూలి పని చేసే వారికి కీటో సరిపడదనే చెబుతాను.

రెండో రోజు నుంచి వారం దాకా తలనొప్పి, నీరసం, చిరాకు, పిక్కలు పట్టేయడం ఉండవచ్చు. ఇది జబ్బు కాదు; ఉప్పు, నీరు తగ్గడం వల్ల వచ్చే స్థితి. రక్తపోటు, గుండె, మూత్రపిండాల ఇబ్బంది లేని వారు పలుచని మజ్జిగలో ఉప్పు వేసుకుని రోజుకు రెండు గ్లాసులు తాగితే చాలావరకు తేలికపడుతుంది. ఆ ఇబ్బందులున్న వారు ఉప్పు పెంచే ముందు వైద్యుణ్ని అడగాలి. ఎండు నెత్తళ్లు తినే వారు అందులో ఉన్న ఉప్పును కూడా లెక్కలో వేసుకోవాలి. నీరసానికి కొబ్బరిబోండాం తాగమని ఇంట్లో అంటారు. ఒక బోండాంలో పది గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, పొటాషియం కూడా ఎక్కువ. మూత్రపిండాలు బాగున్న వారు లెక్కలో వేసుకుని తాగవచ్చు, బాగోలేని వారికి ఆ పొటాషియమే ముప్పు తెస్తుంది.

మలబద్ధకం చాలామందికి వస్తుంది. ఆకుకూరలు, నీళ్లు తగ్గించకపోతే పదిహేను రోజుల్లో సర్దుకుంటుంది. నోటి నుంచి పండిన పండు వంటి వాసన వస్తే అది అసిటోన్ అనే కీటోన్ వాసన, కొన్నాళ్లకు తగ్గుతుంది. అయితే వాంతులు, కడుపునొప్పి, లోతుగా వేగంగా ఊపిరి తీయడం, మగతగా ఉండటం ఆ వాసనతో కలిసి కనిపిస్తే ఇంట్లో నిమ్మరసాలు కలుపుతూ కూర్చోకుండా 108కి ఫోను చేయండి, మధుమేహం ఉన్న వారి విషయంలో మరీ ముఖ్యంగా. ఆహారం వల్ల వచ్చే కీటోసిస్‌లో రక్తంలో కీటోన్లు సాధారణంగా లీటరుకు 0.5 నుంచి 3 మిల్లీమోల్స్ మధ్య ఉంటాయి; కీటోన్ల వల్ల రక్తం ఆమ్లమయమయ్యే ప్రమాదకరమైన కీటోఆసిడోసిస్‌లో 3 దాటి పైకి పోతాయి.

మందుల షాపులో దొరికే మూత్రపు పట్టీలతో రోజూ కీటోన్లు చూసుకోవడం మొదటి వారంలో సరదాగా ఉంటుంది. ఆ తరువాత దానివల్ల తెలిసేది తక్కువ. నడుము కొలత, వారానికి ఒకసారి అదే వేళకు చూసుకున్న బరువు చాలు. చక్కెర మాత్రలు వాడే వారు మాత్రం మొదటి రెండు వారాలు రోజుకు మూడు నాలుగు సార్లు చక్కెర చూసుకుని కాగితం మీద రాసుకోవాలి. 70 కన్నా దిగితే కీటో నియమం పక్కన పెట్టి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. పంచదార ఉన్న డబ్బా ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి.

ఐదో మెట్టు: మళ్లీ పరీక్షలు, మధ్యలో పండుగలు

నెల తిరిగాక క్రియాటినిన్, మూడు నెలలకు కొలెస్ట్రాల్ మళ్లీ చూపించుకోవాలి. చెడు కొలెస్ట్రాల్ బాగా పెరిగి ఉంటే "బరువు తగ్గింది కదా" అని సరిపెట్టుకోవద్దు. నెయ్యి, కొబ్బరినూనె తగ్గించి మళ్లీ చూడాలి, అప్పటికీ దిగకపోతే కీటో ఆపాలి. క్రియాటినిన్ కొంచెం పెరిగినా వైద్యుణ్ని కలవండి. నడుం పక్క నుంచి గజ్జల్లోకి దిగే నొప్పి వస్తే మూత్రపిండంలో రాయి ఏర్పడిందేమో చూపించుకోవాలి. ఈ ఆహారం తినే వారిలో రాళ్లు కొంత ఎక్కువగా ఏర్పడతాయి. బొటనవేలు కీలు ఎర్రబడి వాస్తే యూరిక్ ఆసిడ్ చూడాలి.

విజయనగరంలో పైడితల్లి సిరిమాను వేళ చుట్టాల ఇంట్లో విస్తరి ముందు కూర్చుని "నేను అన్నం తినను" అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అరసవల్లిలో రథసప్తమి ప్రసాదం చేతిలో పెడితే వద్దనడం ఇంకా కష్టం. ఒక రోజు తిన్నందుకు ఒంటికి వచ్చే నష్టం ఏమీ లేదు. రెండు మూడు రోజులు కీటోసిస్ పోయి మళ్లీ వస్తుంది. మర్నాడు తక్కెడ మీద కిలో పెరిగి కనిపిస్తే అది నీరు. అయితే వారానికి మూడు పండుగలు చేసుకునే వారు కీటో చేస్తున్నామని చెప్పుకోవడం మానితే మంచిది, ఎందుకంటే అప్పుడు కొవ్వు, పిండిపదార్థం రెండూ ఎక్కువ తిన్న ఆహారం అవుతుంది. దానికన్నా పాత అన్నమే మేలు.

సగం దారి, వెనక్కి వచ్చే దారి

భారత వైద్య పరిశోధన మండలి 2025లో వెలువరించిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మనం తినే శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది, అందులో ఎక్కువ భాగం పాలిష్ పట్టిన బియ్యం, గోధుమ పిండి, పంచదార. మనలో చాలామందికి కావలసింది ఆ 62ను 5కు దించడం కాదు, 45 దగ్గరకు తేవడం. ఉడికిన అన్నాన్ని పూటకు ఒక చిన్న కప్పుకు, అంటే 100 గ్రాములకు పరిమితం చేసి, ఖాళీ అయిన చోట కూర రెట్టింపు చేసి, పప్పు, పెరుగు, చేప, గుడ్డు పెంచి, టీలో పంచదార తీసేస్తే చక్కెర, నడుము రెండూ దిగివస్తాయి. పప్పు వదులుకోనక్కరలేదు, చోడి అంబలి పొద్దున్న సగం గ్లాసు ఉంచుకోవచ్చు. కీటోసిస్ రాదు, దానితో వచ్చే ఇబ్బందులు కూడా చాలావరకు రావు. ఏడాది తరువాత కూడా ఇలాగే తింటూ ఉండగలరా అని మిమ్మల్ని మీరు అడిగి చూడండి. కీటో గురించి అదే ప్రశ్న వేసుకుంటే చాలామంది జవాబు చెప్పకుండా నవ్వేస్తారు.

కీటో చేసిన వారు కూడా మూడు నుంచి ఆరు నెలల తరువాత ఈ సగం దారికే రావాలి, కానీ ఒక్క రోజులో కాదు. మొదటి వారం రోజుకు పదిహేను గ్రాముల పిండిపదార్థం కలపండి. అది అన్నం కాకుండా అరకప్పు పప్పు, ఒక జామకాయ, కొంచెం ఎక్కువ పెరుగు అయితే మంచిది. రెండో వారం మరో పదిహేను గ్రాములు, అందులో చోడి అంబలి. మూడో వారం నుంచి తూచిన అన్నం. పిండిపదార్థం పెరిగిన కొద్దీ కొవ్వు తగ్గించాలి. ఈ రెండో సగం మరచిపోయిన వారికే పోయిన బరువు తిరిగి వస్తుంది. గ్లైకోజెన్ నిండేటప్పుడు ఒకటి రెండు కిలోలు నీరు చేరడం సహజం కాబట్టి మొదటి పది రోజులు బరువు చూసుకోకపోవడమే మనశ్శాంతి.

షుగరు ఉన్న వారికి ఇక్కడ మళ్లీ మాత్రల అట్టతో పని పడుతుంది. అన్నం మానినప్పుడు తగ్గించిన మోతాదు అన్నం మొదలుపెట్టాక సరిపోకపోవచ్చు. మా బావగారు ఈసారి చక్కెర విలువలు రాసుకున్న కాగితం, మాత్రల అట్ట రెండూ చొక్కా జేబులో పెట్టుకుని అన్నం కలిపిన మొదటి వారంలోనే వైద్యుడి దగ్గరకు వెళ్లారు. మీరూ మూడో వారం దాకా ఆగకుండా, పప్పు కలిపిన వారంలోనే వెళ్లండి.